సమన్వయం బల్ల దగ్గర పేటకు కుర్చీ ఏది?

కోనసీమలో ఒక మురుగు కాలువ మీద ఫిర్యాదు రాయాలంటే ముందు తేల్చుకోవాల్సింది ఎవరికి రాయాలన్నది. కాలువలో పూడిక తీయాల్సింది జలవనరుల శాఖలోని డ్రైనేజీ విభాగం. అందులోకి నీళ్లు వదిలే రొయ్యల చెరువు వ్యవహారం మత్స్యశాఖది. ఆ నీళ్లలో ఏముందో పరీక్షించాల్సింది కాలుష్య నియంత్రణ మండలి. చెరువు కింది భూమి ఎవరిదో చెప్పాల్సింది రెవెన్యూ. కాలువ సముద్రంలో కలిసే మొగ దగ్గర మడచెట్లుంటే అది అటవీశాఖ పరిధి. ఆటుపోటు గీతకు ఎంత దూరంలో ఏం తవ్వొచ్చో, ఏం కట్టకూడదో చెప్పేది కోస్టల్ జోన్ మేనేజ్‌మెంట్ అథారిటీ. ఆ కాలువ గట్టున ఉన్న పేటకు తాగేనీళ్లు ఇవ్వాల్సింది పంచాయతీ. ఒక్క కాలువకు ఏడు ఆఫీసులు. ఏడింటికీ అర్జీలు పెట్టుకుంటే ఏడుగురూ పక్క ఆఫీసు వైపు చెయ్యి చూపిస్తారు.

ఈ చెయ్యి చూపించే జబ్బుకు మందుగా ప్రభుత్వాలు, అంతర్జాతీయ సంస్థలు చెప్పే మాట 'సమన్వయం'. జీవవైవిధ్య పరిరక్షణలో ఈ మాట గత ముప్పై ఏళ్లుగా బాగా వినబడుతోంది. మండపీతకు మత్స్యశాఖ ఎక్కడ ఆగిందో, అటవీశాఖ ఎక్కడ మొదలైందో తెలియదు. అది పోటుకు ఎక్కుతుంది, పాటుకు దిగుతుంది. కాబట్టి నది, అడవి, చేను, చెరువు, సముద్రం అన్నింటినీ కలిపి ఒక ప్రాంతంగా చూసి, శాఖలన్నింటినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి పథకాలు వేయాలన్నది వాదన. వాదన సరైనదే. మా ప్రశ్న ఆ బల్ల చుట్టూ ఎన్ని కుర్చీలు వేశారు, ఎవరికి వేశారు అన్నది. గోదావరి ముఖద్వారంలో ఈ ప్రయోగం నిజంగానే జరిగింది. కాబట్టి ఊహించి మాట్లాడాల్సిన పనిలేదు.

ముందు భూగోళం చూద్దాం. ధవళేశ్వరం దిగువన గోదావరి చీలుతుంది. తూర్పున గౌతమి, పడమర వశిష్ఠ, మధ్యలో వైనతేయ. గౌతమికి, వశిష్ఠకు నడుమ సముద్రం దాకా ఉన్న ముక్కోణమే కోనసీమ. గౌతమి సముద్రంలో కలిసే చోట, అటూ ఇటూ మడ అడవులున్నాయి. ఉత్తరాన ఉన్న భాగాన్ని 1978లో కోరింగ వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. దక్షిణాన, కోనసీమ వైపు, కాట్రేనికోన మండలంలోని బలుసుతిప్ప, కందికుప్ప లాంటి చోట్ల ఉన్న మడలు రిజర్వు అడవులు. పేరున్నది కోరింగకు. బోర్డువాక్, పడవ షికారు, పత్రికల్లో ఫొటోలు అన్నీ అటే. ఇటువైపు మడకు పర్యాటకులు తక్కువ, ఆనుకుని రొయ్యల చెరువులు ఎక్కువ.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు ఈ ముఖద్వారం కూడా చీలింది. పాత తూర్పు గోదావరి జిల్లాలో ఒక కలెక్టర్ కింద ఉన్నది ఇప్పుడు కాకినాడ, కోనసీమ జిల్లాల మధ్య పంచుకోబడింది. మధ్యలో యానాం పుదుచ్చేరిది. ఒకే మడ అడవి, ఒకే పీత, రెండు జిల్లాలు, ఒక కేంద్రపాలిత ప్రాంతం. సమన్వయం ఎందుకు కావాలో వివరించడానికి ఇంతకన్నా మంచి పటం దొరకదు.

ఈ మడలో నల్లమడ, తెల్లమడ, తిల్ల, కలింగ లాంటి చెట్లున్నాయి. అసలు మడజాతులు, వాటితో కలిసి బతికే మొక్కలు కలిపి 35 రకాలని లెక్క. బావురుపిల్లి, నీటికుక్క ఇక్కడే బతుకుతాయి. ఇసుక మేటల మీద ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. రొయ్య పిల్ల, పీత పిల్ల, చేపపిల్ల ఈ వేళ్ల సందుల్లోనే పెరిగి సముద్రానికి పోతాయి. 1996 నవంబర్ 6 రాత్రి తుపాను కోనసీమను చావబాదినప్పుడు బలుసుతిప్ప, భైరవపాలెం లాంటి తీర గ్రామాలు ఎంత నష్టపోయాయో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. మడ ఉన్నచోట గాలి, అల రెండూ కాస్త తగ్గుతాయన్న సంగతి ఆ తర్వాతే అధికారుల నోట కూడా ఎక్కువగా వినబడింది.

ఈగ్రీ అనే ప్రయోగం

2011లో భారత ప్రభుత్వం, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం (యూఎన్‌డీపీ), ప్రపంచ పర్యావరణ నిధి (జీఈఎఫ్) కలిసి ఇక్కడ ఒక ప్రాజెక్టు మొదలుపెట్టాయి. తూర్పు గోదావరి నదీముఖ పర్యావరణ వ్యవస్థ అన్న ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపి దాన్ని 'ఈగ్రీ' అన్నారు. రాష్ట్రంలో అటవీశాఖ దాన్ని నడిపింది. జీఈఎఫ్ ఇచ్చిన గ్రాంటు సుమారు 60 లక్షల డాలర్లు. ఇదే పద్ధతిలో మహారాష్ట్రలోని సింధుదుర్గ్ తీరంలో మరో ప్రాజెక్టు నడిచింది. ఆ మరుసటి ఏడాది, 2012 అక్టోబర్‌లో, జీవవైవిధ్య ఒప్పంద దేశాల పదకొండో సదస్సు హైదరాబాద్‌లో జరిగింది. అంటే ప్రపంచమంతా మన రాష్ట్రం వైపు చూస్తున్న కాలమది.

ఈగ్రీ ఆలోచనలో ఒక గట్టి విషయముంది. అభయారణ్యం చుట్టూ కంచె వేసి కాపలా పెడితే చాలదని అది ఒప్పుకుంది. అడవిని చంపేది తరచుగా అడవి బయటి పనులు. అందుకని చేపల వేట, రొయ్యల సాగు, ఉప్పు మడులు, పర్యాటకం, చమురు, గ్యాస్, ఎరువులు, నూనె మిల్లుల లాంటి పరిశ్రమలు, వీటిని 'ఉత్పత్తి రంగాలు' అని పిలిచి, ఒక్కో రంగం తన పనిలోనే జీవవైవిధ్యాన్ని లెక్కలోకి తీసుకునేలా చేయాలనుకుంది. శాఖలు, కంపెనీలు, పరిశోధన సంస్థలు కలిసి కూర్చునే వేదికగా కాకినాడలో ఈగ్రీ ఫౌండేషన్ పుట్టింది. ప్రాజెక్టు డబ్బు అయిపోయినా వేదిక మిగలాలని ఉద్దేశం.

అంతకు ముందే 1990ల చివర్లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ గోదావరి మడల్లో పనిచేసింది. వాళ్లు తెచ్చిన 'చేపముల్లు కాలువ' పద్ధతి తెలుసుకోదగ్గది. మడ నరికేసిన చోట నేల ఎండకు ఎండి, కుంగి, పోటు నీళ్లు సరిగా ఎక్కి దిగవు. నిలిచిన నీళ్లు ఆవిరై ఉప్పు పేరుకుంటుంది. అక్కడ ఎన్ని మొక్కలు నాటినా చస్తాయి. అందుకని ఒక పెద్ద కాలువ తవ్వి, దానికి రెండువైపులా ఏటవాలుగా పిల్ల కాలువలు తీస్తారు. పైనుంచి చూస్తే చేపముల్లులా ఉంటుంది. పోటు నీళ్లు లోపలి దాకా వచ్చి ఉప్పును కడిగి తీసుకుపోతాయి. ఆ తర్వాత నాటితే మొక్క బతుకుతుంది. కాలువల్లో ఒండ్రు చేరుతుంటుంది కాబట్టి ఏటా పూడిక తీయాలి. అంటే ఇది ఒకసారి చేసి ఫొటో దిగే పని కాదు, ఏటా కూలి చేతులు కావాల్సిన పని. మడ నాటే కార్యక్రమాల వార్తల్లో నాటిన మొక్కల సంఖ్య ఉంటుంది, పూడిక తీసినవాళ్ల సంగతి ఉండదు.

మడను ఆనుకున్న గ్రామాల్లో పర్యావరణ అభివృద్ధి కమిటీలు, వన సంరక్షణ సమితులు పెట్టారు. పొయ్యిలో కట్టెకు బదులు గ్యాసు, పడవ నడిపే ఉపాధి, పర్యాటకుల టికెట్టు డబ్బులో వాటా, ఇలాంటి లాభాలు కొన్ని ఊళ్లకు అందాయి. దాన్ని మేం తక్కువ చేయం.

రంగం కానివాళ్లు

అయితే ఆ 'ఉత్పత్తి రంగాల' జాబితా మళ్లీ చదవండి. మత్స్యరంగం ఉంది. ఆక్వా ఉంది. ఉప్పు ఉంది. టూరిజం ఉంది. పరిశ్రమ ఉంది. కూలి లేదు.

కోనసీమలో భూమిలేని దళిత కుటుంబం బతుకు ఏ ఒక్క శాఖలోనూ ఇమడదు. ఊడ్పుల కాలంలో చేలో. కోతల తర్వాత కొబ్బరి తోటలో దింపు, ఒలుపు. నీళ్లు తగ్గినప్పుడు కాలువలో, పర్ర భూముల్లో చేత్తో పీతలు, చిన్న చేపలు. గట్ల మీద మేక. ఏటి పాయలో లంక మేట వేస్తే దాని మీద కూరగాయలు, మొక్కజొన్న. ఒక్కో నెల ఒక్కో శాఖ పరిధిలో బతుకుతారు. కాలువలో ఉప్పు పెరిగితే చేలో కూలి పోతుంది, పర్రలో గడ్డి పోతుంది, బావిలో నీళ్లు పోతాయి అన్న లంకె వీళ్లకు పుస్తకం చదివి తెలిసింది కాదు. సమన్వయం లోపిస్తే ఏమవుతుందో ఒంటి మీద మోసేది వీళ్లే. బల్ల దగ్గర 'స్టేక్‌హోల్డర్' కార్డు ఉండేది మాత్రం శాఖలకు, సంఘాలకు, కంపెనీలకు.

వేట నిషేధం సంగతే తీసుకోండి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట ఆపుతారు. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి అది మంచి నియమం. ఆ రోజులకు మత్స్యకారులకు భృతి ఇస్తున్నారు, 2025లో దాన్ని 20 వేల రూపాయలు చేశారు. మత్స్యకార కుటుంబాలు పోరాడి సాధించుకున్న హక్కు అది, అందులో మాకు రెండో మాట లేదు. ఆ జాబితా నమోదైన పడవల మీదినుంచి తయారవుతుంది. పడవ లేకుండా మోకాలి లోతు నీళ్లలో నిలబడి బుట్టతో పీతలు పట్టే మనిషి ఆ జాబితాలోకి ఎలా వస్తుంది? సముద్రంలో పైపులైను వేసినందుకో, డ్రిల్లింగ్ చేసినందుకో పరిహారం ఇచ్చినా లెక్క పడవతోనో, వలతోనో, కార్డుతోనో మొదలైతే అంతే. ప్రకృతి మీద ఆధారపడ్డవాళ్లు ఎవరన్నది కాగితం నిర్ణయిస్తుంది.

రాజోలు వైపు శంకరగుప్తం డ్రెయిన్ వెంట సముద్రపు ఉప్పునీళ్లు ఎగదన్ని కొబ్బరిచెట్లు తలలు వాల్చేసిన విషయం ఈమధ్య అందరి కళ్లా పడింది. రైతుకు నష్టపరిహారం ఇవ్వాలని అడుగుతున్నారు, ఇవ్వాల్సిందే. చెట్టు ఎండితే దింపు కార్మికుడి, ఒలుపు కార్మికుడి రోజుకూలి కూడా ఎండుతుంది. ఆ నష్టాన్ని రాసుకునే కాలమ్ ఏ ఫారంలో ఉంది?

రొయ్య దారి

సమన్వయం అసాధ్యమేమీ కాదని చూపించడానికి ఒక ఉదాహరణ. రొయ్యల, చేపల సాగు కోసం రాష్ట్రం 2020లో ఒక ప్రత్యేక చట్టం చేసి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఆక్వాకల్చర్ డెవలప్‌మెంట్ అథారిటీని పెట్టింది. మేత, పిల్ల, సాగు, లైసెన్సు అన్నీ ఒక గొడుగు కిందికి. వ్యాపారానికి గొడుగు కావాలనుకుంటే చట్టమే వస్తుంది. పరిరక్షణకు గొడుగు కావాలనుకుంటే విదేశీ గ్రాంటుతో ప్రాజెక్టు వస్తుంది, గడువు తీరాక వెళుతుంది.

చెరువు పని చేసే తీరు తెలిసిందే. కాలువ నుంచో బోరు నుంచో ఉప్పునీళ్లు తోడి వెనామీ రొయ్య పెంచుతారు. ఆ ఉప్పు గట్టు దాటి పక్క చేలోకి ఊరుతుంది. రెండు మూడు పంటలు దెబ్బతినేసరికి పక్క రైతు కూడా చేను లీజుకిస్తాడు. అలా మడి తర్వాత మడి చెరువవుతుంది. వరి ఎకరానికి ఊడ్పు, కలుపు, కోత అంటూ ఆడవాళ్లకు పని ఉంటుంది. చెరువుకు ఇద్దరు కాపలాదారులు, ఏరేటర్లు చూసేవాడు చాలు. పట్టుబడి రోజు నాలుగు గంటల పని. పంట పోయినందుకు భూమిగల వాడికి లీజు వస్తుంది, కూలికి వచ్చేది ఉప్పెక్కిన చేతిపంపు.

ఇక్కడే భూమి ప్రశ్న. దళితులకు పంచిన అసైన్డ్ భూములు చాలా చోట్ల పర్రలో, లంకలో, కాలువ చివర ఉంటాయి. ఎవరికీ అక్కరలేని నేలనే కదా పంచారు. రొయ్య వచ్చాక ఆ నేలకే గిరాకీ వచ్చింది. 1977 నాటి అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టంలో 'బదలాయింపు' అంటే అమ్మకం ఒక్కటే కాదు, లీజు కూడా. అంటే ఆ భూముల్లో చెరువు తవ్వడానికి ఇచ్చిన లీజులు చట్టం ముందు నిలబడవు. 2023లో చట్టం సవరించి, ఇచ్చి 20 ఏళ్లు దాటిన అసైన్డ్ భూములకు అసలు లబ్ధిదారులే పూర్తి యజమానులు అన్నారు. హక్కు కావాల్సిందే. ఆ హక్కు చేతికి రాకముందే చెరువుగా మారిపోయిన భూమికి అది ఏపాటి హక్కు అన్నది విడిగా చర్చించాల్సిన విషయం.

రొయ్యల చెరువుల మీద దేశంలో వచ్చిన పెద్ద తీర్పు వెనుక దళిత పోరాటం ఉందని మన విద్యార్థుల్లో చాలామందికి తెలియదు. 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు ఎస్. జగన్నాథ్ కేసులో తీర్పు ఇచ్చింది. కోనసీమను తుపాను ముంచిన ఐదు వారాలకు. తీర నియంత్రణ మండలంలో రొయ్యల చెరువులు ఉండకూడదని, వరి పొలాలను, మడ అడవులను, చిత్తడి నేలలను చెరువులుగా మార్చకూడదని, మూతపడే చెరువుల్లో పనివాళ్లకు పరిహారం ఇవ్వాలని కోర్టు చెప్పింది. ఈ సాగువల్ల వచ్చే ఆదాయంకన్నా జరిగే నష్టమే ఎక్కువన్న నీరీ సంస్థ అధ్యయనాన్ని కోర్టు ఆధారంగా తీసుకుంది. కేసు వేసిన జగన్నాథన్, ఆయన సహచరి, దళిత కుటుంబంలో పుట్టిన కృష్ణమ్మాళ్ కలిసి తమిళనాడు నాగపట్నం ప్రాంతంలో భూమిలేని దళిత కుటుంబాలకు భూమి ఇప్పించే పనిలో జీవితం గడిపారు. 1968లో కీళ్‌వెణ్మణిలో 44 మంది దళితులను సజీవ దహనం చేసిన నేల అది. సంపాదించిన భూముల చుట్టూ రొయ్యల చెరువులు వచ్చి చేరితే వాళ్లు కోర్టుకెక్కారు. పర్యావరణ పాఠ్యపుస్తకాల్లో ఈ కేసు 'కాలుష్యకారి చెల్లించాలి' అన్న సూత్రం దగ్గర ఆగిపోతుంది. భూమి కథ వదిలేస్తారు.

తర్వాత పార్లమెంటు 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చి రిజిస్ట్రేషన్ మీద చెరువులకు దారి తెరిచింది. 2023 సవరణ ఆ దారిని ఇంకా వెడల్పు చేసింది.

చట్టంలో మన చోటు

2002 జీవవైవిధ్య చట్టం సెక్షన్ 41 ప్రకారం ప్రతి పంచాయతీలో, మున్సిపాలిటీలో ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. ఆ ఊరి చెట్టు, చేమ, చేప, విత్తనం, మందుమొక్క, వాటి చుట్టూ ఉన్న తెలివి, అన్నీ స్థానికులను అడిగి 'ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్'లో రాయడం దాని ముఖ్యమైన పని. జాతీయ, రాష్ట్ర స్థాయి సంస్థలు ఆ ఊరి పరిధిలోని జీవ వనరుల వాడకం గురించి ఏ నిర్ణయం తీసుకున్నా ఈ కమిటీని సంప్రదించాలి. వ్యాపారం కోసం తీసుకుపోయేవాళ్ల దగ్గర కమిటీ రుసుము వసూలు చేయొచ్చు. కాగితం మీద ఇది మామూలు అధికారం కాదు. ప్రాంతమంతటి సమన్వయానికి పునాది రాయి ఇదే.

2004 కేంద్ర నియమాల్లో ఈ కమిటీ కూర్పు రాశారు. ఒక అధ్యక్షుడు, స్థానిక సంస్థ నామినేట్ చేసే ఆరుగురికి మించని సభ్యులు. వాళ్లలో మూడో వంతుకు తగ్గకుండా మహిళలు, 18 శాతానికి తగ్గకుండా ఎస్సీ, ఎస్టీలు. లెక్క వేయండి. ఆరుగురిలో ఒక్కరంటే 16.7 శాతమే. నియమాన్ని అక్షరాలా పాటిస్తే ఇద్దరుండాలి. ఒక్కరిని పెట్టి సరిపెట్టిన కమిటీ తన నియమాన్నే తప్పినట్టు.

ఈ కమిటీలు చాలాకాలం పుట్టనే లేదు. 2016లో జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో కేసు పడింది. 2020 జనవరి 31లోగా అన్ని చోట్లా కమిటీలు, రిజిస్టర్లు పూర్తిచేయకపోతే రాష్ట్రం నెలకు 10 లక్షల రూపాయలు కట్టాలని ట్రిబ్యునల్ 2019లో గడువు పెట్టింది. దాంతో దేశమంతటా రెండున్నర లక్షలకు పైగా కమిటీలు పుట్టుకొచ్చాయి. ఊరి జనాన్ని ఏడాది పొడవునా, ఋతువు ఋతువుకూ అడిగి రాయాల్సిన పుస్తకాన్ని జరిమానా భయంతో గడువుకు రాస్తే ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. మీ పంచాయతీ రిజిస్టర్ తెరిచి, అందులో పేటవాళ్లను అడిగి రాసిన పేజీ ఎక్కడుందో వెతకండి. ఏ ఆకు పురుటి మంచానికి, ఏ గడ్డి గేదెకు, ఏ పీత ఏ నెలలో గుడ్డు మీద ఉంటుంది అన్నది మా అమ్మమ్మలకు తెలిసిన శాస్త్రం. అడిగితేనే కదా చెప్పేది.

ఇప్పుడు అసలు జాగ్రత్తపడాల్సిన చోటు. 2023లో జీవవైవిధ్య చట్టాన్ని సవరించారు. ఆయుష్ వైద్యులకు ఇచ్చిన మినహాయింపులు, జైలు శిక్షల తొలగింపు మీద కొంత చర్చ జరిగింది. కమిటీ కూర్పు మీద జరగలేదు. ఇకనుంచి కమిటీలో ఏడుగురికి తగ్గకుండా, పదకొండుగురికి మించకుండా సభ్యులుంటారు, ఎవరుండాలో రాష్ట్ర ప్రభుత్వం నియమాల్లో రాస్తుంది. అంటే ఎస్సీ, ఎస్టీ వాటా అన్న గీత ఇక ఢిల్లీలో కాదు, అమరావతిలో గీయాలి. 18 శాతం అలాగే ఉంచినా ఏడుగురైనా పదకొండుగురైనా ఇద్దరే అవుతారు. కోనసీమ మండలాల్లో ఎస్సీ జనాభా వాటా 18 శాతం కన్నా ఎక్కువ. జనాభాకు తగ్గ వాటా, అందులో మహిళలు, నామినేషన్ సర్పంచ్ ఇష్టం కాకుండా పేట గ్రామసభలో ఎంపిక, ఈ మూడూ రాష్ట్ర నియమాల్లో అక్షరాలుగా ఉండాలని అడగాల్సిన సమయమిది. అమలాపురం లోక్‌సభ స్థానం, అమలాపురం, రాజోలు, పి.గన్నవరం శాసనసభ స్థానాలు ఎస్సీ రిజర్వుడు. అడగడానికి మనకు ప్రతినిధులు లేరని ఎవరూ అనలేరు.

ఇల్లు కావాలా, మడ కావాలా?

ఈ ప్రశ్న మనల్ని తరచూ ఇరికిస్తుంది. కాకినాడ దుమ్ములపేట దగ్గర పేదల ఇళ్ల స్థలాల కోసమని మడను కొట్టి నేల చదును చేశారు. విషయం హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది, ట్రిబ్యునల్ ప్రభుత్వాన్ని తప్పుపట్టింది. అప్పుడు వచ్చిన మాటలు రెండు రకాలు. పర్యావరణవాదులకు పేదల ఇళ్లు పట్టవని ఒకరు, పేదలకు చెట్టు విలువ తెలియదని ఇంకొకరు. రెండూ మాకు సమ్మతం కాదు. పట్టణం చుట్టూ గట్టి నేల అంతా ఎవరి చేతుల్లో ఉంది? ప్రభుత్వం పేదలకు స్థలం ఇవ్వాలనుకున్న ప్రతిసారీ దానికి కనబడేది చిత్తడి, పర్ర, కాలువ గట్టు, శ్మశానం పక్కేనా? మడ కొట్టి ఇచ్చిన స్థలంలో మొదటి ఉప్పెనకు మునిగేది ఆ ఇల్లే. అది ఇంటి హక్కూ కాదు, అడవి హక్కూ కాదు.

చోటు దొరికితే దళితులు ఏం చేస్తారో జహీరాబాద్ వైపు చూస్తే తెలుస్తుంది. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని మహిళలు, ఎక్కువమంది దళితులే, ప్రభుత్వం పంచిన బీడు భూముల్లో పాత చిరుధాన్యాలు, పప్పులు కలిపి పండించి, విత్తనం ఇంట్లో దాచి, ఒకరికొకరు అప్పిచ్చుకుని పదుల రకాలను నిలబెట్టారు. 2019లో వాళ్లకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. ఏ శాఖా వాళ్లను 'రంగం'గా గుర్తించి మొదలుపెట్టలేదు. భూమి, విత్తనం, సంఘం చేతిలో ఉంటే సమన్వయం తానే పుట్టింది.

బాబాసాహెబ్, నీళ్లు

2022 మే 24న, జిల్లాకు అంబేడ్కర్ పేరు వద్దంటూ అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. పేరు నిలిచింది. ఆ పేరున్న మనిషి నీళ్ల గురించి చేసిన పని ఈ వ్యాసానికి దూరమేమీ కాదు. 1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు దోసిట పట్టడం అందరికీ తెలుసు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా ఉన్నప్పుడు దామోదర్ నది వరదలను రాష్ట్రాల వారీగా కాకుండా నది మొత్తాన్ని ఒకటిగా చూసి, వరద, సాగు, కరెంటు కలిపి ఒక సంస్థ కిందికి తేవాలన్న ప్రణాళికను నడిపించింది ఆయనే. 1948లో దామోదర్ వ్యాలీ కార్పొరేషన్ వచ్చింది. ఈనాడు 'ప్రాంతీయ సమన్వయం' అంటున్నదాన్ని ఆయన ఎనభై ఏళ్ల కిందట రాజ్యానికి నేర్పాడు. మహద్, దామోదర్ రెండూ కలిపి చదవాలి. ఒకటి ఎవరు ముట్టుకోవచ్చన్న ప్రశ్న, రెండోది ఎలా నిర్వహించాలన్న ప్రశ్న. మన పర్యావరణ విధానాలు రెండోదాన్నే తీసుకుని మొదటిదాన్ని వదిలేశాయి.

ప్రపంచంలో ఆ మొదటి ప్రశ్న కదులుతోంది. 2022లో కున్‌మింగ్-మాంట్రియల్ ఒప్పందంలో నిర్ణయాల్లో అందరికీ న్యాయమైన భాగస్వామ్యం అన్నది ఒక లక్ష్యంగా పెట్టారు. 2024లో కొలంబియాలోని కాలిలో జరిగిన సదస్సు ఆదివాసులకు, స్థానిక సముదాయాలకు శాశ్వత అనుబంధ సంఘం ఏర్పాటు చేసింది, ఆఫ్రికన్ సంతతి ప్రజల పాత్రను ప్రత్యేకంగా గుర్తించింది. బానిస వ్యాపారంలో తెచ్చిన మనుషుల వారసులు మడల్లో, తీరాల్లో బతుకుతూ వాటిని కాపాడారని ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. జాతి వివక్ష నిర్మూలన కమిటీ 2002లోనే 'పుట్టుక' ఆధారిత వివక్షలో కులం కూడా వస్తుందని చెప్పింది. ఆ రెండు గీతలూ కలిపి, కుల వివక్షకు గురైన సముదాయాలను కూడా జీవవైవిధ్య చర్చలో పేరుపెట్టి గుర్తించాలని అడిగే పని అంతర్జాతీయ వేదికల మీదున్న మన మిత్రులది.

చేతిలో ఉన్న పనిముట్లు

ఊళ్లో ఉన్నవాళ్లకు పనికొచ్చేవి కొన్ని చెబుతాం.

సమాచార హక్కు కింద పంచాయతీని మూడు అడగండి: కమిటీ సభ్యుల జాబితా కులం, లింగం వివరాలతో, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ నకలు, రుసుములు, నిధి ఖాతా వివరాలు. రిజిస్టర్ ఒకసారి రాసి మూసేసేది కాదు, మార్పులు చేర్పులు చేయొచ్చు. పేటలో కూర్చుని, మండపీత, పర్రగడ్డి, కాలువ చేప గురించి మీరు రాసిన పేజీలు తీర్మానంతో ఇవ్వండి.

మడ అంచున మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా, అడవి మీద ఆధారపడ్డ దళితులు, మత్స్యకారులు 2006 అటవీ హక్కుల చట్టంలో 'ఇతర సంప్రదాయ అటవీ నివాసులు'గా సామూహిక హక్కులు అడగొచ్చు. చేపలు, నీటి ఉత్పత్తులు, మేత ఆ హక్కుల్లో ఉన్నాయి. కాగితం లేకపోతే పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యమే. 2011 తీర నియంత్రణ నోటిఫికేషన్ కోరింగ, తూర్పు గోదావరి ప్రాంతాలను అత్యంత దుర్బల తీర ప్రాంతాల్లో చేర్చింది, వాటి నిర్వహణ స్థానిక ప్రజలతో కలిసే జరగాలంది. ఆ వాక్యాన్ని అర్జీలో ఎత్తి రాయండి.

ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టాన్ని పర్యావరణ చట్టంగా కూడా చూడాలి. సెక్షన్ 3(1)(జి) భూమి నుంచి తొలగించడాన్నే కాదు, భూమి మీద, నీటి మీద హక్కు అనుభవించకుండా అడ్డుకోవడాన్నీ నేరమంటుంది. అదే సెక్షన్‌లోని జెడ్‌ఏ క్లాజు ఉమ్మడి వనరులను, నదిని, కాలువను, చెరువును, శ్మశానాన్ని అందరితో సమానంగా వాడుకోకుండా ఆపడాన్ని నేరంగా రాసింది. పర్రలో మేతకు, కాలువలో పీతకు పోయిన మనిషిని కులం పేరుతో, కంచెతో, కావలివాడితో తరిమితే ఈ క్లాజులు గుర్తుంచుకోండి.

కోనసీమ చమురు, గ్యాస్ బావుల నేల. 1995 జనవరిలో పాశర్లపూడి బావి మండిపోయి రెండు నెలలకు పైగా ఆరలేదు. 2014 జూన్ 27న నగరంలో పైపులైను పేలి జనం నిద్రలోనే కాలిపోయారు. అయినా 2020 జనవరిలో చమురు అన్వేషణ బావులను 'బీ2' వర్గంలోకి మార్చి వాటికి ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేకుండా చేశారు. ఉత్పత్తి దశకు, పైస్థాయి ప్రాజెక్టులకు ఇంకా జరపాలి. 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, నివేదిక సారాంశం తెలుగులో ఉండాలి. సభ చివర్లో నమోదు చేసిన అభిప్రాయాలను అక్కడే తెలుగులో చదివి వినిపించాలి. చాలాసార్లు భోజనాల హడావిడిలో అది ఎగిరిపోతుంది. చదివి వినిపించేదాకా లేవకండి. మీరు చెప్పిన మాట అందులో లేకపోతే అప్పుడే, అక్కడే రాయించండి, రాసిన కాగితాన్ని ఫొటో తీసుకోండి.